పశ్చాత్తాపము - మారుమనస్సు



ఈస్టరు పండుగకు ముందు వచ్చు నలువది దినములను క్రైస్తవులలో పెక్కుమంది వ్రతదినములుగా గడపుదురు. కొన్ని సంఘములవారు వీనిని శ్రమకాల దినములందురు. కతోలికులు తపస్సుకాల మందురు. మొదటి దినమున నుదుట బూడిద నుంచుకొనుటయు కొందఱిలో ఆచారము. మాంసము మానువారును, ఒక పూట భోజనము మానువారును గలరు. ఏకాదశులు, కార్తిక సోమవారములు ఎఱిగిన మన గృహిణులకు ఇందు వింత యేమియు లేదు. ఐనను ఈ యుపవాసమెల్ల దేనికొఱకని యడిగినచో పశ్చాత్తాపము కొఱకని బదులు వచ్చును. ఆ మాటకు గల లోతెంతయో ఈ మాసమున మన పాఠకురాండ్రతో ముచ్చటింప దలచితిమి.

తెలుగు బైబిలును శ్రద్ధగా చదివినవారు ఒక విశేషమును కనిపెట్టియే యుందురు. అందు పశ్చాత్తాపమను మాటయు గలదు, మారుమనస్సను మాటయు గలదు. మొదటిది మనకు సంస్కృతము నుండి వచ్చినది. పశ్చాత్తనగా తరువాత, తాపమనగా వేడిమి. పని జరిగిపోయిన పిమ్మట గుండెలో రగులుకొను వేడియే పశ్చాత్తాపము. రెండవది తెలుగును సంస్కృతమును కలిపి చేసికొన్న మాట. గ్రీకు మూలమునందు దానికి మెటానోయియా యని పేరు. మనస్సు మార్చుకొనుట యని యర్థము. అంతకు పూర్వము హెబ్రీ ప్రవక్తలు వాడిన షూబ్ అను ధాతువునకు మరలుట, నడచుచున్న త్రోవను విడిచి వెనుదిరిగి వచ్చుట యని యర్థము. అడవిలో త్రోవ తప్పినవాడు చెట్టుక్రింద కూర్చుండి ఏడ్చుట వేఱు, లేచి వెనుకకు నడచుట వేఱు గదా.

మన ధర్మశాస్త్రములకును ఈ భేదము తెలియనిది గాదు. మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున, పాపము చేసినవాడు తపించి, ఇక నిట్లు చేయనని నివృత్తి పొందినపుడు పవిత్రుడగునని చెప్పబడినది. తాపముతోనే స్మృతికారుడు ఆగలేదు; నివృత్తిని కూడ అడిగెను. నివృత్తి యన్నను మరలుటయే.

ఈ రెంటికిని నడుమ నున్న దూరమును సువార్తలు ఇద్దఱు శిష్యుల ద్వారమున చూపినవి. ముప్పది వెండి నాణెములకు గురువు నప్పగించిన యూదా విషయమున మత్తయి సువార్త తెలుగు ప్రతి పశ్చాత్తాప శబ్దమునే వాడినది. గ్రీకునందును అక్కడ మెటానోయియా కాక వేఱొక క్రియయే యున్నది. అతడు సొమ్ము తిరిగి యిచ్చెను, పాపము చేసితినని ఒప్పుకొనెను, పిమ్మట పోయి ఉరి వేసికొనెను. పేతురు మాత్రము తక్కువవాడా? తెల్లవారకమునుపే ముమ్మాఱు తన గురువును ఎఱుగనని బొంకి, కోడి కూసినపుడు వెక్కివెక్కి యేడ్చెను. వేడి యిద్దఱికిని గలదు. ఐతే పేతురు తన తోటివారిని విడిచిపోలేదు. యోహాను సువార్త కడపటి యధ్యాయమున యేసు అతనిని ప్రేమించుచున్నావా యని ముమ్మాఱడిగి, ముమ్మాఱును మందను కాచు పనినే యప్పగించెను. క్షమింపబడితివి, ఇంటికి పొమ్మని యనలేదు. క్రైస్తవులు సమర్పణమని చెప్పుకొను దానికి మాకు దొరకిన మంచి యర్థము ఇదియే.

ఇక బాప్తిస్మమిచ్చు యోహాను కడకు పోదము. జనులు యొర్దాను తీరమున చేరి, మేమేమి చేయవలెనని యడిగిరి. ఆయన చెప్పిన బదుళ్లు మిగుల సామాన్యములు. రెండంగీలున్నవాడు లేనివానికొకటి యియ్యవలెను. సుంకరులు విధింపబడిన దానికంటె అధికముగా గుంజరాదు. సైనికులు ఎవ్వరిని బాధింపక తమ జీతముతో తృప్తి పడవలెను. కొండల మీదికి పొండనలేదు, కొలువు మానుకొండనియు అనలేదు. వంటింటి పద్దులవలె లెక్కకు వచ్చు మాటలివి.

ఈ లెక్కలను కడముట్ట తేల్చినవాడు యెరికో పట్టణపు జక్కయ్య. సుంకపు గుత్త గలవాడు, ధనికుడు, పొట్టివాడు. యేసును చూడ మేడిచెట్టెక్కెనని లూకా వ్రాసినాడు. (మేడిపండును గూర్చి మన సామెత యెఱిగినవారికి ఆ సుంకరి ఆ చెట్టునే యెక్కుట నవ్వు పుట్టింపక మానదు.) ఆ దినము యేసు ఆతని యింట బస చేసెను. జక్కయ్య నిలువబడి తన యాస్తిలో సగము బీదలకిత్తుననియు, అన్యాయముగా తీసికొన్నవారికి నాలుగంత లిత్తుననియు పలికెను. ఈ నాలుగంతల మాటను మనము తేలికగా దాటిపోరాదు. మోషే ధర్మశాస్త్రమున, తానుగా తప్పు ఒప్పుకొనినవాడు అసలుకు ఐదవవంతు కలిపి యిచ్చిన చాలును. గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవానికో, కోసినవానికో మాత్రమే నాలుగంతల శిక్ష. జక్కయ్య తానుగా ఒప్పుకొనియు, దొంగకు విధించిన లెక్కనే తనకు విధించుకొనెను. అతడు కన్నీరు కార్చెనో లేదో లూకా వ్రాయలేదు.

ఐతే మా మనస్సును చాల దినములుగా తొలుచుచున్న ప్రశ్న యొకటి కలదు. జక్కయ్య అదృష్టవంతుడు, అతడు వంచించినవారు ఆ యూరనే యుండిరి, అతని పెట్టెలో సొమ్ముండెను. తీసికొన్నది తిరిగి యీయరానిదైనచో ఏమగును? తీసికొన్నది మనుష్యుల బ్రతుకే యైనచో? దీనికి బదులు వెదకుచు మేము జాన్ న్యూటన్ చరిత్రకు వచ్చితిమి.

అమేజింగ్ గ్రేస్ అను ఆంగ్ల కీర్తన వినని క్రైస్తవు లరుదు. దానిని రచించినవాడితడే. బానిసల నోడలో తెచ్చుచుండగా తుపాను పట్టెననియు, ఆతడు మోకరించి, బానిసలను విడిచిపెట్టి, ఆ కీర్తన వ్రాసెననియు ఒక కథ వాడుకలో నున్నది. కథ చక్కగానే యున్నది గాని నిజము కాదు. నిజము దీనికంటె ఆలస్యమైనది, మనకు దీనికంటె ఎక్కువ పనికివచ్చునది.

న్యూటన్ 1725లో లండనున పుట్టెను. తండ్రి ఓడ నడపువాడు. తల్లి యెలిజబెత్తు బిడ్డను ఒడిలో నుంచుకొని లేఖనములు నేర్పి, గురువు కావలెనని కోరుకొన్నది. కుమారునికి ఏడేండ్లు నిండకమునుపే కన్ను మూసినది. పిల్లవాడు పదునొకండవ యేటనే సముద్రమెక్కెను. 1744లో బలవంతముగా రాజు యుద్ధనౌకలో చేర్పబడి, పారిపోయి పట్టుబడి, కొరడా దెబ్బలు తినెను. పిమ్మట పశ్చిమాఫ్రికా తీరమున ఒక బానిస వర్తకుని కడ తానే బానిసకంటె హీనముగా పడియుండెను. తండ్రి స్నేహితుని యేర్పాటున వచ్చిన గ్రేహౌండ్ అను ఓడ అతని నెక్కించుకొని ఇంటికి బయలుదేరినది. 1748 మార్చిలో ఉత్తర అట్లాంటిక్ సముద్రమున తుపాను ఆ యోడ ప్రక్కను చీల్చినది. నీళ్లు తోడి తోడి, ఇక చావే శరణ్యమనుకొన్న వేళ అతని నోట దేవుని పేరు వచ్చెను. ఇరువదిరెండేండ్లవాడు. ఓడ యెట్టకేలకు ఐర్లండు తీరము చేరినది. ఆ దినమును అతడు జీవితాంతము జ్ఞాపకము చేసికొనుచు గడపెను.

అటుపిమ్మట ఏమి చేసెను? మఱల బానిస యోడ యెక్కెను. 1750 నుండి 1754 వఱకు మూడు ప్రయాణములకు తానే యధిపతియై ఆఫ్రికాకు పోయెను. త్రాగుడును, నోటి దుష్టతను మానెను. ఆదివారములందు కళాసులను చేర్చి ప్రార్థన చదివించెను. ఆ పలకల క్రిందనే మనుష్యులు సంకెళ్లలో పడియుండిరి. ఆతని యోడ దినచర్య పుస్తకము నేటికిని నిలిచియున్నది; 1962లో అచ్చుపడినది. అందు చచ్చిన బానిసలకు పేర్లు లేవు, అంకెలున్నవి. తిరుగుబాటు జరుగునను ననుమానముతో పిల్లలకు సంకెళ్లు వేయించి, బొటనవ్రేళ్లను నొక్కు మరలు బిగించి నిజము చెప్పించిన మాటయు అందే యున్నది. ఈ వృత్తి ధర్మమా యను సందేహమే అప్పుడు తనకు కలుగలేదని 1764లో అచ్చయిన ఆత్మకథలో అతడే వ్రాసెను. తుపాను దినమున తాను పూర్ణవిశ్వాసిని కాలేదనియు, అది చాలకాలము తరువాతి మాట యనియు కూడ ఒప్పుకొనెను.

ఇది చదివినపుడు మాకు మొదట కోపము వచ్చెను. ఇట్టి భక్తి యేమి భక్తి యనిపించెను. ఐతే కొంత తడవు నిలిచి చూచినచో, లోకమంతయు మర్యాదగా నెంచు పాపమే మనుష్యుని కంటికి కడపట కనబడునని తోచినది. త్రాగుడు పాపమని ఊరివారందఱును చెప్పుదురు. బానిస వర్తకమో, ఆనాటి లివర్‌పూలు పట్టణమున గౌరవమైన వ్యాపారము. అట్లాంటిక్ వర్తకము సాగిన కాలమంతట ఓడల కెక్కింపబడిన ఆఫ్రికావారు సుమారు 1 కోటి 25 లక్షలని చరిత్రకారులు లెక్కించిరి. ఇంత పెద్ద పాపము ఒక్క దుర్మార్గుని చేతులమీద జరుగునది కాదు. ప్రార్థన చేయువారు, భార్యలకు ప్రేమతో జాబులు వ్రాయువారు కలిసి చేసినది.

జాబులన్నచో, న్యూటన్ వ్రాసినవి మిక్కిలి మృదువైనవి. 1750లో పెండ్లాడిన మేరీకి అతడు ఓడల మీదినుండి వ్రాసిన లేఖలు 1793లో గ్రంథముగా వెలువడినవి. అధ్యాత్మ రామాయణమున వాల్మీకి పూర్వకథ మనకెల్లరకు తెలిసినదే. దారిదోపిడి సొమ్ము తినిన భార్యాపుత్రులను, నా పాపమున భాగము పంచుకొందురా యని యతడడుగగా, సొమ్ము మాది, పాపము నీది యని వారు బదులు చెప్పిరి. మేరీ నట్లెవ్వరైన నడిగిరో లేదో! 1754లో, నాలుగవ ప్రయాణమునకు రెండు దినములుండగా, ఆ దంపతులు ఇంట తేనీరు త్రాగుచుండిరి. న్యూటన్ హఠాత్తుగా మూర్ఛపోయెను. గంటసేపు కదలిక లేకుండెను. వైద్యులు సముద్రప్రయాణము వలదనిరి. అతడు కొలువు విడిచెను. చూచితిరా, ఆ యోడ దిగుటయు పశ్చాత్తాపమువలన గాదు, వ్యాధివలన. చెఱసాల కాపరివంటి యీ పని తప్పింపుమని ప్రార్థించెనని మాత్రము వ్రాసియున్నాడు.

తరువాత లివర్‌పూలు సుంకపు కొలువు, 1764లో గురుపట్టము, ఓల్నీ గ్రామమున పదునైదేండ్ల సేవ. 1773 జనవరి 1వ తేదీ యారాధనకు అమేజింగ్ గ్రేస్ సిద్ధమాయెను. అనగా తుపాను దాటి ఇరువది నాలుగేండ్లకు పైగా గడచినది. అప్పటికిని బానిస వర్తకమును గూర్చి లోకమునకు ఒక్క మాట చెప్పలేదు. 1780లో లండనునందలి సెయింట్ మేరీ వూల్నోత్ గుడికి మారెను.

1785 డిసెంబరులో పార్లమెంటు సభ్యుడగు విల్బర్‌ఫోర్సు, ఇరువదియాఱేండ్ల యువకుడు, ఎవరికిని తెలియకుండ ఆయనను చూడవచ్చెను. మనస్సు మారినది, ఇక రాజకీయములు విడిచి గురువు నగుదునా యని సందేహము. ముసలి గురువు వలదనెను, ఉన్నచోటనే యుండుమనెను. ఆ యువకుడు బానిస వర్తకమును మాన్పు పనిని చేపట్టి, 1807 మార్చిలో చట్టము వచ్చువఱకు దాదాపు ఇరువదేండ్లు సభలో ఓడుచు లేచుచు నిలిచెను. సమర్పణమను మాటను వేదికల మీద తఱచుగా విందుము. అది ఆ యిరువదేండ్ల ఓటములలో నున్నంతగా ఏ వేదికమీదను మాకు కనబడలేదు.

1788లో, అరువది రెండేండ్ల వయస్సున, న్యూటన్ ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. ఆఫ్రికా బానిస వర్తకమును గూర్చిన తలపులు దాని పేరు. తాను చూచినవి, చేసినవి అందు దాచలేదు. అలమరలో పుస్తకములు పేర్చినట్లు మనుష్యులను ఓడ యడుగున పేర్చుటను వ్రాసెను. స్త్రీలను, బాలికలను కళాసుల పాలుచేయుటను వ్రాసెను. ఒక ఉపాధికారి చిన్నపడవలో నొక తల్లిని, చేతిలో ఏడాది బిడ్డతో, కొని తెచ్చుచుండెనట. రాత్రి బిడ్డ యేడ్చినది. నిదుర చెడినదని రెండవ మాఱు లేచినపుడు వాడు ఆ బిడ్డను తల్లి చేతులనుండి లాగి సముద్రమున పాఱవైచెను. బిడ్డ నోరు మూతపడెను గాని తల్లిని ఊరడించుట అంత సులువు కాలేదనియు, ఆమెను గూడ పాఱవేయుటకు ఆమె వెల యెక్కువ యనియు న్యూటన్ వ్రాసెను. ఈ సంగతిని మేము పలుమాఱులు చదివితిమి; ఇంతకంటె వివరింప చేయి సాగకున్నది.

మా ప్రశ్నకు బదులు వెదకిన ఆ పుస్తకముననే దొరకినది. ఈ బహిరంగమైన ఒప్పుకోలు నా మనస్సాక్షికి విధియే గాని, నేను పాలుపంచుకొన్న దుఃఖమును తీర్చుటకు ఇది మిక్కిలి ఆలస్యమైనదను భావమును అతడు అందు వెలిబుచ్చెను. క్షమింపబడితిని గాన అంతయు చక్కబడెనని చెప్పుకొనలేదు. చేతనైనది సాక్ష్యమొక్కటే, ఆ యేడే ప్రివీ కౌన్సిలు ఎదుటను, పిదప పార్లమెంటు సంఘము ఎదుటను ఆ సాక్ష్యమిచ్చెను. అమ్మబడినవారిలో ఒక్కరును దానివలన ఇల్లు చేరలేదు. దాని తరువాతి యోడల మాట వేఱు.

తప్పులు దిద్దుకొనుటలో దేశములు వ్యక్తులకంటె మందములు. వర్తకము 1807లో ఆగినను బ్రిటిష్ వలసలలో బానిసత్వము 1833 చట్టము వఱకు నిలిచినది. అపుడు రెండు కోట్ల పౌనుల పరిహారము చెల్లింపబడినది. ఎవరికనుకొనుచున్నారు? యజమానులకు. బానిసలకు ఒక్క పెన్నీ రాలేదు. జక్కయ్య లెక్కను తలక్రిందు చేసిన లెక్క యిది.

మన యిండ్లలోను మర్యాద పేరిట నడచుచు కంటికి కనబడనివి యుండకపోవు. గాజుగిన్నె పగిలినదని దాసిదాని జీతమున కోత పెట్టి, ఆ సాయంకాలమే ప్రార్థనకు పోవు ఇల్లాలు ఆ కోతను పాపముల పట్టీలో వ్రాసికొనునా? కోడలి పుట్టింటనుండి వచ్చిన కట్నమును మఱల ఇచ్చిన అత్తగారి కథ మనమెన్నడైన వింటిమా? క్రైస్తవ మతము పుచ్చుకొని మూడు నాలుగు తరములైనను, సంబంధము చూచునపుడు మునుపటి కులమును విచారించు తెలుగు కుటుంబములు లేకపోలేదు. కన్నీళ్లను మేము చిన్నచూపు చూచుట లేదు. ఐతే నలువది దినములు ముగిసి పండుగ వంటలు వండునాడు, పగిలిన గిన్నెకు కోసిన రూపాయలు ఆ దాసిదాని చేతికి మఱల చేరెనా యన్నది కన్నీటిచే తెలియదు, పద్దుచే తెలియును.

న్యూటన్ 1807 డిసెంబరు 21వ తేదీన, ఎనుబదిరెండేండ్ల వయస్సున మరణించెను. మేరీ అంతకు పదునేడేండ్ల ముందే పోయినది. వర్తకము ఆగిపోయినదని వినుటకు ఆయన బ్రతికియుండెను. ఆ దంపతుల యవశేషములను 1893లో లండను నుండి ఓల్నీకి తరలించిరి. సమాధి ఫలకమునకు వలయు వాక్యములను ఆయనయే ముందుగా వ్రాసియుంచెను. నాస్తికుడను, దుశ్శీలుడను, ఆఫ్రికాలో బానిసలకే సేవకుడనై యుంటిననియు, యేసుక్రీస్తు కృపవలన క్షమింపబడి సువార్త బోధింప నియమింపబడితిననియు వాని సారము. బానిసల నమ్మితినను మాట ఆ రాతిమీద లేదు. అది 1788 నాటి చిన్న పుస్తకముననే యున్నది.